కత్తి గుర్తు

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో వేలం ఇంకా మొదలు కాలేదు. తమ గూళ్ళ కుప్ప పక్కన దస్తగిరమ్మ కూతురు కాలేజీకి ఈగల జాబితా రాస్తోంది. తప్పిపోయిన భర్త పేరు రేషన్ కార్డులోంచి తీసేయమనే అర్జీ దస్తగిరమ్మ చేతిలో నలుగుతోంది.

“సంతకం పెట్టమ్మా. ఎన్నాళ్ళు పట్టుకోని తిరుగుతావు?”

“పెడతాలే. నీ జాబితాలో మన పురుగుల్ని తినే ఊజి ఈగ ఉండాదా?”

“లేదు, ఇవి వేరే వంశం.”

“కొన్ని పేర్ల ముందర కత్తి బొమ్మేందే?”

“అవి లక్షల ఏండ్ల కిందటే పోయినాయి. రాళ్ళల్లో అచ్చులే దొరికినాయి.”

“పోయినా పేర్లు కొట్టేయలేదా?”

“ఎట్ల కొట్టేస్తారు? అవీ ఈ వంశమే కదా. బతికుండేవాటి పక్కనే రాస్తారు.”

“ఈ పేరుకి కత్తి లేదు. బతికుండాదా?”

“తెలీదమ్మా. ముప్పై ఏండ్లుగా ఎవురికీ కనపడలేదు.”

“మరి కత్తి పెట్టలేదే?”

“కనపడనంత మాత్రాన పోయిందని రాసేస్తారా?”

అనేసి కూతురు నాలుక కరుచుకుంది.

దస్తగిరమ్మ అర్జీని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడి వేసుకుంది.

“మీ నాయన కనపడక తొమ్మిదేండ్లే కదే అయింది.”