పాత వంతెన మీద డ్రైవరు నడక

నది మీద పాత వంతెనని కూల్చేశారని ఆ మధ్యాహ్నమే కబురొచ్చింది. రిటైరైన బస్సు డ్రైవరు నోటికి అప్పట్నుంచి బ్రేకు లేదు. అరుగు మీద ఆయన, ఎదురుగా కటింగు షాపు అతను, టైలరు. గుమ్మం లోపల బట్టలు మడతపెడుతూ ఆయన భార్య.

"నడవడమంటే మీరనుకునే నడక కాదర్రా అది. పెళ్ళయిన కొత్త. నేను తోలే టూరు బస్సులోనే మీ పిన్నినీ తీసుకెళ్ళాను. వంతెన మొదట్లో ఆపాను. ముసలి వంతెన, నిండు బస్సుని మొయ్యలేదు. జనం దిగి నడవాలి, ఖాళీ బస్సు దాటాలి, అవతల మళ్ళీ ఎక్కాలి. అదీ రూలు. సరే, దిగాం. మీ పిన్నీ నేనూ, చేతిలో చెయ్యి. ఏం గాలనుకున్నారు!"

"గట్టి గాలా బాబాయ్?"

"ముందు నా టోపీ పోయింది. పోతే పోయిందనుకున్నా. తర్వాత మీసం ఓ పక్కది పోయింది, పరిగెత్తి పట్టుకొచ్చి అతికించుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీ పిన్నే లేచింది! కొంగు గాలి నింపుకుని పైపైకి పోతోంది మనిషి. జడ కొస దొరకబుచ్చుకున్నా."

"జడ అంత పొడుగా?" టైలరు మెడలో టేపు సవరించుకున్నాడు.

"నీ టేపు చాలదులే. ఇవతల గట్టున దువ్వితే అవతల గట్టున చిక్కు విడేది. అలా ఆవిడ పైన, నేను కింద, కబుర్లాడుకుంటూ నడిచాం. అప్పుడు వంతెనతో అన్నాను, 'తొందరేముంది, ఇంకాస్త సాగవే' అని. సాగింది! మధ్యకొచ్చేసరికి వానాకాలం వచ్చింది, పోయింది కూడా. పిట్టగోడ మీద గుడ్లు పెట్టిన పావురం మునిమనవల్ని ఆడిస్తోంది. మీ పిన్ని కాళ్ళు నొప్పులంటే నదిని పైకి పిలిచాను. వచ్చి పాదాలు తడిపి దిగిపోయింది. తీరా అవతల గట్టు కనబడిందా, అమ్మో అయిపోతోందని వెనక్కి తిరిగి మళ్ళీ మొదట్నుంచి..."

"ఒక్క అనుమానం బాబాయ్," అన్నాడు కటింగు షాపు అతను. "నువ్వు పిన్నితో నడుస్తుంటే, మరి బస్సెవరు తోలారు?"

టైలరు పడీపడీ నవ్వాడు. డ్రైవరు నోరు తెరిచాడు. బస్సు తనే దొర్లుకుంటూ వచ్చిందనొచ్చు. నది భుజానేసుకొచ్చిందనొచ్చు. ఇంతకన్నా పెద్ద కోతలు కోసిన నోరే అది.

"నేనే తోలాను," అన్నాడు చివరికి. "అందరూ దిగొచ్చు, డ్రైవరు దిగడానికి లేదు. అద్దంలో చూస్తూ పోయాను. చూస్తుండగానే మీ పిన్ని చీమంతైపోయింది."

"కాస్త ఆగాల్సింది బాబాయ్."

"ఆ వంతెన మీద బస్సాపకూడదురా."

ఇక నవ్వడానికి టైలరుకి మనసొప్పలేదు. గుమ్మంలోంచి ఆయన భార్య గొంతు వినబడింది.

"నా పక్కన నడిచింది ఓ సబ్బుల వ్యాపారి. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఏ సబ్బుకి ఎంత నురగొస్తుందో చెప్పాడు మహానుభావుడు. ఒక్క ముక్క వింటేనా! ముందు పోతున్న ఖాళీ బస్సు మీదే ఉన్నాయి నా కళ్ళు."

చేతిలో చొక్కా అలాగే పట్టుకుని వచ్చి, ఆవిడ అరుగు మీద ఆయన పక్కన కూర్చుంది.

"కబుర్లాడుకున్నాం అంటిరి కదా. గాలీ, మీసమూ సరే. ఆ కబుర్లేమిటో చెప్పండి, వింటాను."