కోడలి పాలు పిండి చూసిన ఓబులమ్మ

ఓబులమ్మంటే ఎనుముల ఓబులమ్మ. ఇంటిపేరు వేరే ఏందో ఉన్నింది, అది ఎవురికీ గుర్తులేదు. దొడ్లో తొమ్మిది ఎనుములు, బర్రెలంటారే అవి, తొమ్మిదీ ఆమె చేతికే పాలిస్తాయి, ఇంకొకరు పోయి కూచుంటే కాలెత్తి తంతాయంట. చుట్టుపక్కల యాడ ఎనుము మొండికేసినా, పాలు దిగకున్నా, పోయి ఓబులమ్మను పిల్చుకోని రాపోండి అనేవాళ్ళు. ఆమె వచ్చి, చెంబు పట్టుకోని కూచోని, నాలుగు ధారలు పిండి చూసి, ఇది పూటకు మూడు సేర్లిస్తాది, దీనికి ఎనకచన్ను ఎండిపోయింది, ఇది ఇంగ పనికిరాదు సంతకు తోలండి, అని చెప్తే అంతే, దానికి తిరుగులేదు. నలపై ఏండ్లు పాలు పిండిన చెయ్యి. పాల సంగతి నాకు తెలీకుండా ఇంగెవురికి తెల్సు అని ఆమెకు లోపల ఒక ఇది ఉండె. ఉంటాది మరి. ఊరు ఊరంతా అట్లే అంటాంటే ఎవురికి మాత్రం ఉండదు, మీకు ఉండదా, నాకు ఉండదా.

ఆమెకు ఒకడే కొడుకు, మద్దిలేటి. మంచోడే. మంచోడంటే ఎట్లాంటి మంచోడనుకుంటిరి, అమ్మ కూచో అంటే కూచుంటాడు, లెయ్యంటే లేస్తాడు, అట్లాంటి మంచోడు. వానికి సుంకులమ్మ అని ఒక పిల్లను చేసుకొచ్చిరి. తల్లి లేని పిల్ల. తల్లి ఉంటే కాన్పుకు పుట్టింటికి పోయేది, అక్కడే ఐదో నెల దాకా ఉండేది, అప్పుడు ఈ కథే లేదు, నేనింకొకటి చెప్పుకుంటాంటి మీకు. తల్లి లేకపాయె, అత్తింట్లోనే కానె. మొగబిడ్డ. ఓబులమ్మ సంతోషం చూడల్ల అప్పుడు. మనమడ్ని ఒళ్ళో వేసుకుంటే కిందికి దించితే ఒట్టు. వాని కాళ్ళకు నూనె రాసేది ఆమే, నీళ్ళు పోసేది ఆమే, సాంబ్రాణి పొగ పట్టేది ఆమే. బిడ్డమింద ప్రేమ లేక చేసిందని మాత్రం అనుకోవద్దండి మీరు. ప్రేమ ఉన్నింది. నాకు కడుపు మండేది అందుకే.

ఇంగ ఏమైందంటే, బిడ్డకు ఇరవై దినాలు దాటినాక మాపటేల ఏడ్చేది మొదలుపెట్టినాడంట. సన్నబిడ్డలు ఏడుస్తారు గదా, పొద్దుగూకేటప్పుడు ఇంకా ఏడుస్తారు. రొమ్ము కావాలంటారు, తాగుతారు, వదుల్తారు, మళ్ళా కావాలంటారు. మీరంతా కన్నోళ్ళే, మీకు నేను చెప్పల్నా. సుంకులమ్మకు తొలిచూలు, చెప్పేదానికి అమ్మ కూడా లేదు. అయినా ఆ పిల్ల తన మటుకు తాను చూసుకుంటానే ఉండె. బిడ్డ తాగేటప్పుడు గొంతులో గుటక పడేది ఇనపడ్తాంది. తాగినాక రొమ్ము మెత్తబడ్తాంది. వాడు బిగించిన పిడికిళ్ళు వదిలేసి, నోరు తెర్చుకోని నిద్రపోతాడు. బాగనే ఉండాడే వీడు, అనుకుంటాది లోపల. అనుకుంటాదా, అంతలోకే నడవలోంచి అత్త, "పాలు చాలడం లేదు వానికి, ఊరికే ఉత్త రొమ్ము చీకుతాండాడు" అంటాది. ఆ మాట ఇంటానే ఈ పిల్లకు గుండె జారిపోతాది.

ఆ ఇంటి బాలింత గుడ్డలు ఉతికేది చాకలి తిమ్మక్క. పొద్దున్నే వచ్చి, వాకిట్లో నిలబడి, గుడ్డలు మూట కట్టుకోని వంకకు పోతాది. ఒకనాడు సుంకులమ్మ గడప దగ్గరికొచ్చి మెల్లగ అడిగిందంట, "తిమ్మక్కా, మా అత్త పాలు చాలడం లేదంటాంది, నిజమేనంటావా? నాకు దిక్కు తెలీడం లేదు" అని. తిమ్మక్క మూట కింద పెట్టి, విప్పి, ఒకటొకటి ఎంచింది. "చూడు తల్లీ, నిన్న పొద్దుట్నుంచి ఇప్పటికి ఉచ్చగుడ్డలే తొమ్మిది. తాగందే వాడు యాడ్నుంచి తెచ్చి పోస్తాడు? ఇవి చూడు, దొడ్డికి పోయినవి. పసుప్పచ్చగ ఉండాయి, చెడ్డ వాసన లేదు. తల్లిపాలు తాగి అరిగిచ్చుకున్న బిడ్డ ఇట్లే పోతాడు. ఈ ఊర్లో పుట్టిన ప్రతి బిడ్డ గుడ్డలూ నా చేతులమింద పోయినాయమ్మా, ఏ బిడ్డ కడుపు నిండిందో, ఏ బిడ్డ కడుపు మాడిందో నేను మూట ఎత్తుతానే చెప్తా. నీ బిడ్డ కడుపు నిండుతాంది. నువ్వు బెంగపడొద్దు" అనె. సుంకులమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో ఏం చేసిందంటే, పోయి ఆ మాట అత్తకు చెప్పింది. చెప్పకుండా ఉండింటే బాగుండు. చిన్నపిల్ల, దానికేం తెల్సు.

ఓబులమ్మకు ఎక్కడ్లేని కోపమొచ్చె. "ఉచ్చగుడ్డలు ఉతికేదానికి పాల సంగతి తెలుస్తాదంటనా? నలపై ఏండ్లుగా పిండతాండా, నాకు చెప్పొచ్చిందా అది? పిండితే ఇప్పుడే తేలిపోతాది గదా" అని లేచిందంట. ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే మరి. చేతులు కడుక్కుంది, చెంబు తెచ్చుకుంది, కోడల్ని నడవలో పీటమింద కూచోబెట్టింది. పక్కింటోళ్ళు ఇద్దరు ఆడోళ్ళు చూస్తామని వచ్చి గుమ్మంలో నిలబడిరి. బిడ్డను మద్దిలేటి చేతికిచ్చి బయటికి పంపిరి. సుంకులమ్మ పైట తియ్యనంటాది. "వొద్దత్తా, నీ కాళ్ళు పట్టుకుంటా" అంటాది. "ఆడోళ్ళ కాడ సిగ్గేందే, గమ్మున కూచో" అని, ఎనుము పొదుగు పట్టుకునే చేత్తోనే పట్టుకునిందంట కోడల్ని. పీకితే ఏమొస్తాది? భయం ఒకపక్క, సిగ్గు ఒకపక్క, ఆ పిల్ల ఒళ్ళంతా బిగుసుకుపోయింది. ఒక చుక్క పడె. ఇంకొక చుక్క పడె. ఇంకొక రెండు పడె. చెంబు అడుగు కూడా తడవల్యా. ఓబులమ్మ ఆ చెంబు వంచి గుమ్మంలో వాళ్ళకు చూపిచ్చె. "చూస్తిరా మీరే, నేను చెప్తాంటే ఇనకపోతిరి. ఉత్త రొమ్ములు. నా మనమడు ఇన్ని దినాలు ఆకలికి ఏడుస్తాండాడు తల్లీ" అని కండ్లు తుడుచుకునిందంట. నిజంగానే ఏడ్చింది, దొంగేడుపు కాదు.

ఇంగ చెప్పేదేముంది, ఉగ్గుగిన్నె దిగె. తొమ్మిది ఎనుముల్లో మంచి ఎనుము పాలు, చిక్కగుంటే అరగవని సగానికి సగం నీళ్ళు పోసి, పూటపూటకూ తాపిచ్చె. ఉత్త రొమ్ము చీకితే బిడ్డకు కడుపులో గాలి చేరుతాదని కోడలి రొమ్ములకు పాత చీరపేలిక గట్టిగ చుట్టి కట్టేసె. తొలినాడు బిడ్డ ఆ పాలు తాగి పొద్దుగూకులూ నిద్రపోయినాడంట. "చూస్తివా, కడుపు నిండితే ఎట్ల పండుకున్న్యాడో" అనె ఓబులమ్మ. నీళ్ళు పోసినా ఆ బరువు పాలు అరక్క మత్తుగా పడున్న్యాడని ఎవురికి తెల్సు. సుంకులమ్మ మొగుని దగ్గరికి పోయింది. "నా మాట ఇను, గుటక పడేది నేను చెవులారా ఇన్న్యా, తిమ్మక్క గుడ్డలెంచి చెప్పింది, మీ అమ్మకు ఒక మాట చెప్పు" అని ఏడ్చె. వాడు తల గోక్కుంటా, "మా అమ్మకు తెలీకుండా ఉంటాదా పాల సంగతి" అని చేనికి పాయె. ఆ పిల్ల మూడు దినాలు ఎవురూ చూడకుండా కట్టెల కొట్టంలో పేలిక విప్పి బిడ్డకు ఇచ్చుకుంది. నాలుగో దినం అత్త చూసేసె. అప్పట్నుంచి బిడ్డ పక్క మారిపాయె. అవ్వ పక్కనే పడక, అవ్వ చేతిలోనే గిన్నె.

తిమ్మక్క మూట రోజురోజుకూ తేలికైపోతాంది. తొమ్మిది గుడ్డలు ఆరాయె, ఆరు నాలుగాయె. పసుపు పోయి ఆకుపచ్చ వచ్చె, నీళ్ళు నీళ్ళుగ, చెడ్డ వాసన. తిమ్మక్క వంకకాడ ఆ గుడ్డలు ముంచి, మళ్ళా ఎత్తి చూసి, ఉతకలేక, తడిచేతుల్తోనే తిరిగి ఊర్లోకి వచ్చిందంట. వచ్చి ఓబులమ్మ వాకిట్లో నిలబడి, "అమ్మా, నన్ను తిట్టు, కొట్టు, బిడ్డను మాత్రం తల్లికియ్యి. వాడు తాగింది తాగినట్టు బయటికి పోతాంది. ఉచ్చ తగ్గిపోయింది తల్లీ, బిడ్డ ఎండిపోతాండాడు" అనె. అంటే ఓబులమ్మ ఏమనిందనుకుంటిరి, "నా ఎనుము పాలకు వంక పెట్టేంతదానివైనావా నువ్వు? ఊరంతా తాగే పాలు అవి. రేపట్నుంచి నా వాకిట్లో కాలు పెట్టొద్దు, గుడ్డలు గోడమింద పెడ్తాము, తీసుకోని పో" అనె. తిమ్మక్క చేనికాడికి పోయి మద్దిలేటికి కూడా చెప్పింది. వాడు దున్నే మడక ఆపి ఇన్న్యాడు, ఇని, మళ్ళా మడక పట్టుకున్న్యాడు.

ఆ తర్వాత నాలుగో దినం తిమ్మక్క పొద్దున్నే వచ్చి చూస్తే గోడమింద ఒకే ఒక గుడ్డ. ముట్టుకుంటే పొడిగా ఉంది. లోపల బిడ్డ నోరెండిపోయి, కండ్లు లోతుకు పోయి, ఏడ్చేదానికి గూడా చాత కాకుండా పడుండాడు. అప్పుడు భయం పట్టుకునె ఓబులమ్మకు. తెచ్చి సుంకులమ్మ ఒళ్ళో పెట్టి, "నువ్వే ఇయ్యిమే, ఇయ్యి, నేనేమీ అనను" అనిందంట. ఆ పిల్ల పేలిక విప్పి బిడ్డ నోటికి అందిచ్చె. వాడు పట్టుకున్న్యాడు. పట్టుకున్న్యాడు గానీ, చీకేదానికి శక్తి లేదు నాయనా. రొమ్ము నోట్లో ఉన్నట్టే ఉన్న్యాడు. పొద్దు నెత్తిమిందికి వచ్చి పైటేల అయ్యేటప్పటికి పోయినాడు. వచ్చినోళ్ళంతా ఏమనిరి? తల్లికి పాల్లేకనే బిడ్డ పాయె అనిరి. సుంకులమ్మ మూల కూచోని ఆ మాట ఇంటానే ఉండె. ఎంతమంది అన్న్యారో అన్నిసార్లూ ఇన్నింది.

అంతటితో అయిపోయింటే ఏదో ఒక కథ అనుకుందుము. ఇంకో పది దినాలకు ఏమైందంటే, దొడ్లో ఒక ఎనుము ఈనె. దూడ పుట్టిన మూడో దినమే చచ్చె. ఎనుము పొదుగు చూస్తే పగిలిపోతాదేమో అన్నట్టుండాది, చెయ్యి పెడితే చుక్క రాదు. ఓబులమ్మంతటి ఓబులమ్మ కూచోని పిండినా రాల్యా. ఇట్లాంటప్పుడు ఏం చేస్తారో మీకు తెల్సు గదా, ఆ చచ్చిన దూడ తోలు వలిపిచ్చి, లోపల వరిగడ్డి కూరి కుట్టిచ్చి, దూడ మాదిరి చేసి పెట్టుకుంటారు. ఆ గడ్డిదూడను తెచ్చి ఎనుము ముందర నిలబెట్టె ఓబులమ్మ. సుంకులమ్మ పేడ ఎత్తుకుంటా పక్కనే ఉండాది. ఎనుము ఆ తోలును వాసన చూసె, నాలికతో నాకె, ఒకసారి కాదు, ఒంటి పొడుగునా నాకె. నాకతాంటే, పొదుగు చేపుకొచ్చి పాలు ధారలు ధారలుగ చెంబులో పడె.

సుంకులమ్మ గంప దించి అడిగిందంట, "అత్తా, ఇందాక ఒక చుక్క లేకపాయె, ఇప్పుడు ఇన్ని పాలు యాడ్నుంచి వచ్చినాయి?" అని. ఓబులమ్మ పిండే ధ్యాసలో ఉండాది, తల కూడా ఎత్తకుండా చెప్పె. "యాడ్నుంచి వస్తాయే, దాంట్లో ఉన్నియ్యే. బిడ్డ కండ్లముందర లేకుంటే తల్లి ఎట్ల చేపుతాది? బెదిరిచ్చి పీకితే పాలొస్తాయా? ఇన్ని దినాల్నుంచి ఈ ఇంట్లో ఉండావు, ఆ మాత్రం తెలీదా నీకు?" అనె. అని, తల ఎత్తి చూస్తే, కోడలి రవిక ముందరంతా తడిసి, కొంగులోకి కారతాంది. ఆ పిల్ల గడ్డిదూడనే చూస్తాంది.

ఓబులమ్మ అప్పుడు ఏం చేసిందని అడుగుతారు మీరు. లేచి కోడల్ని వాటేసుకుందా, గుండెలు బాదుకుందా, అని. అదేం లేదు. చేపిన పాలు మధ్యలో వదిలేస్తే పొదుగు గట్టిపడ్తాదని, చెంబు నిండేదాకా పిండి, అప్పుడు లేచిందంట. కోడలితో ఆ మాట ఎప్పుడూ ఎత్తల్యా. కోడలూ ఎత్తల్యా. తిమ్మక్క మళ్ళా ఆ గడప తొక్కల్యా. ఓబులమ్మ పోయినప్పుడు పది ఊర్లోళ్ళు వచ్చి, అట్లాంటి చెయ్యి మళ్ళా పుట్టదు అని ఏడ్చినారంట. ఆ పక్కన ఇప్పటికీ ఎనుము చేపకుంటే ఓబులమ్మ పేరు తల్చుకోని కూచుంటారు పిండేదానికి. ఆ బిడ్డను తల్చుకునేదానికి మాత్రం ఎవురికీ కుదర్దు. మూడో నెల్లో పేరు పెడదామనుకున్న్యారు, అంతలోకే పాయె, వానికి పేరు లేదు.