చినుకులపల్లికి ఏ బస్సు

చిక్కడపల్లి లైబ్రరీకి ఎదురుగా మొగిలయ్య చాయ్ బండి. గ్రూప్ వన్ మెయిన్స్ ఆఖరి పేపరు రాసి వచ్చిన సాయంత్రం శ్రీశైలం, నర్మద.

“మా మేడం వాల్వు కాడ నిలవడి వారమైంది శ్రీశైలం. కాళ్ళు గుంజుతున్నయంట.”

“ఏ మేడం?”

“ఏ మేడం అంటవా? మన కథల తహసీల్దారు మేడం. అంటే నేను. జీపు దిగి, పొలాల పొంటి నడిచి, వాల్వు కాడికొచ్చి, ‘కురుమమ్మా, నీళ్ళ వంతు ఎవరిది?’ అని అడిగిన. మెసేజ్ పంపి వారమాయె. కురుమమ్మ పలుకదు. ఆమె మాటలు రాసేది నువ్వే కదా.”

“పరీక్షలుండె కదా.”

“నాకు లేవా పరీక్షలు? ఎస్సే పేపర్ ముందటి దినం దాంక నా ఫోను మోగుతనే ఉండె. అది రాసినంక గప్‌చుప్. నారాయణగూడ సెంటర్ నుంచి బయటికొస్తుంటే ఫ్లైఓవర్ కింద కనవడి గూడ పక్కకు తప్పుకున్నవు. చూసిన నేను.”

“బస్సు కోసం ఉరికిన.”

“అశోక్‌నగర్ హాస్టల్‌కు బస్సా? నడిస్తే వస్తది.”

“మొగిలయ్యన్నా, రెండు చాయ్. ఒక దాంట్ల చక్కెర తక్కువ.”

“వస్తున్నయ్, వస్తున్నయ్.”

“అలిగినవా? కథల ఎక్కువ రాస్తున్నవు అన్ననని?”

“నేనెందుకు అలుగుత?”

“అన్నది నిజమే కదా మరి. ఆట మొదలువెట్టినప్పుడు ఏమనుకున్నం? నాదొక మెసేజ్, నీదొక మెసేజ్. నేను మేడం, ఊరోళ్ళంత నువ్వు. ‘చినుకులపల్లికి జీపుల వస్తున్న’ అని నేను రాసిన. నువ్వేం రాసినవు? ఊరి విస్తీర్ణం. వానల లెక్క. ఎర్ర నేల ఎంత, నల్ల నేల ఎంత. అక్షరాస్యత ఆడోళ్ళది వేరే, మొగోళ్ళది వేరే. నా మేడం జీపు దిగేటాల్లకు బోనాలు పోయినయ్.”

“దినాం సదివేది అదే కదా. రాద్దామని కూసుంటే అదే వస్తది.”

“అది కథనా, సోషియో ఎకనామిక్ సర్వేనా?”

“ఊరు కండ్లవడకుంటే నువ్వు జీపు దిగి ఎటు పోతవు చెప్పు. గాల్ల నిలవడి మాట్లాడతవా?”

“నిలవడనీకి జర జాగ ఇయ్యి, చాలు. ఇండ్లన్ని నువ్వే కట్టి, సున్నం నువ్వే ఏసి, తలుపులు గూడ నువ్వే వెడితే నేనేం చెయ్యాలె? చూసి పోవాల్నా?”

“నువ్వు గూడ కట్టు. ఎవరొద్దన్నరు?”

“కట్టిన. కురుమమ్మను తెచ్చింది నేనే. ‘మెడల ఈల ఏసుకొని ఒక ముసలామె వాల్వు కాడ కూసుంది’ అని ఒక్క ముక్క రాసిన. నువ్వేమడిగినవు?”

“వయసడిగిన.”

“ఇంకా?”

“భూమెంత అని అడిగిన.”

“ఇంకా?”

“యాదికి లేదు.”

“సర్వే నంబర్ అడిగినవు శ్రీశైలం.”

“తహసీల్దారువు కదా, తెలుస్తదనుకున్న.”

“ఆ పైపు సంగతి జూడు. రైతులంత కలిసి బోర్లన్ని ఒక్క పైపుకు కలిపిండ్రు, ఎవరి బోరు ఎండినా ఎవరి పొలం ఎండది. మంచిగుంది. ఆడికి ఆపొచ్చు కదా. మూడు ఇంచుల పైపు, మోకాలు లోతు పాతిండ్రు, మలుపు కాడ సిమెంటు దిమ్మె. మూడు ఇంచులా, నాలుగు ఇంచులా అని ఎవడు అడుగుతడు?”

“మా నాయిన అడుగుతడు. కవాడిగూడల ఏ బిల్డింగు పనికి పోయినా ముందుగాల పైపే చూస్తడు.”

“కథ సదివేది మీ నాయిన కాదు, నేను.”

“ఇగో చాయ్. బిడ్డా, ఒకటడుగుత, ఏమనుకోకు. ఆ చినుకులపల్లికి ఏ బస్సు పోతది?”

“పొద్దున ఒకటే ఉన్నదన్నా, మళ్ళ సాయంత్రం నైట్ హాల్టు...”

“శ్రీశైలం.”

“అలవాటుల వచ్చింది నర్మదా.”

“మొగిలయ్యన్నా, నీకెందుకు ఆ ఊరు?”

“మీరిద్దరు దినాం మాట్లాడుకుంటరు కదా, వింటనే ఉన్న. ఎండకాలం గూడ నీళ్ళుంటయంట. మా చెల్లె బిడ్డకు సంబంధాలు చూస్తున్నం. బిందె పట్టుకొని బోరింగు కాడ లైను కట్టే ఊరికి ఇయ్యొద్దని మా చెల్లె పట్టువట్టి కూసుంది. ఆ ఊర్ల మంచి పిల్లగాడుంటే చెప్పుండ్రి.”

“అది ఉత్త ఊరన్నా. మేం ఆటకు అల్లినం.”

“అల్లిండ్రా? ఒక్కలు చెప్తే నేను గూడ నమ్మకపోతుంటి. ఇద్దరు ఒక్కతీరే చెప్పవడితిరి. ఇద్దరికి ఒక్కటే అబద్ధం ఎట్ల వస్తది?”

“చూసినవా నర్మదా, నమ్మిండు. ఊరంత కట్టి పెడితేనే నమ్మిండు.”

“ఆగు, అడుగుదాం. అన్నా, ఆ ఊర్లది నీకు ఏది యాదికుంది?”

“ముసలామె ఈల. ఆమె ఊదితే నీళ్ళు ఒక పొలం నుంచి ఇంకో పొలానికి మారుతయంటిరి కదా. గదే యాదికుంది.”

“విన్నవా? సర్వే నంబర్ గాదు.”

“ఉస్మానియా బిస్కెట్ ఇయ్యాల్నా బిడ్డా?”

“వద్దన్నా. శ్రీశైలం, నవ్వవేంది? నీ ఊరికి పిల్లనిస్తమంటున్నరు, ఖుషీగుండాలె. ఏందట్ల మొఖం వెట్టినవు?”

“ఆయన గూడ నమ్మిండు కదా.”

“నమ్మితే?”

“ఎస్సే పేపర్ల భూగర్భ జలాల ప్రశ్న వచ్చె కదా.”

“వచ్చింది. ప్రజల భాగస్వామ్యం. ఉదాహరణతోటి వివరించుమన్నడు.”

“ఉదాహరణ.”

“ఆఁ, ఉదాహరణ.”

“సదివినయి మస్తున్నయ్. ఒక్క పేరు యాదికి రాలే. టైం దగ్గర వడ్డది, ఇన్విజిలేటర్ గడియారం చూస్తున్నడు. చెయ్యి దానంతట అదే రాసింది.”

“ఏం రాసింది?”

“చినుకులపల్లి.”

“మొగిలయ్యన్నా, ఆ బిస్కెట్ ఇటియ్యి.”

“నర్మదా. ఏమన్న అను.”

“మండలం పేరు గూడ రాసినవా?”

“లేదు. జిల్లా గూడ రాయలే. ‘చినుకులపల్లి అనే గ్రామంలో’ అని మొదలువెట్టిన.”

“అందుకేనా వారం సంది మెసేజ్ లేదు?”

“ఫోను తీస్తే కురుమమ్మనే కనవడుతుంది. భయమైతుంది. దిద్దే సారు ఈ ఊరు ఏడుందని ఒక్కసారి అనుకున్నడనుకో, అయిపాయె. లేని ఊరు రాసిండని సున్న ఏస్తడు. ఈసారి నౌకరి రాకుంటే తాపీ పట్టుకొని తన ఎంబడి రమ్మన్నడు మా నాయిన. ఇదే ఆఖరుసారి అన్నడు. తాపీ పట్టనీకి నాకు సిగ్గు లేదు. గానీ ఇన్నేండ్లు సదివి ఆటల రాసిన ఊరి వల్ల పోయిందని ఆయనకు ఎట్ల చెప్పాలె?”

“మా ఇంట్ల గూడ ఇదే ఆఖరుసారి అన్నరు. రాకుంటే బీఎడ్‌ల చేరుమంటున్నరు.”

“నీకేం. నువ్వు మంచిగ రాసి ఉంటవు.”

“రాసిన. మంచిగనే రాసిన.”

“ఏ ఊరు రాసినవు?”

“ముందు నీ సంగతి తేలనీ. ఈల రాసినవా?”

“ఆఁ?”

“కురుమమ్మ ఈల. రాసినవా, లేదా?”

“అదే రాసిన. ‘ఒక వృద్ధ మహిళ ఈల ఊదగానే నీటి వంతు మారుతుంది’ అని. నువ్వే అంటవు కదా, ఒక్క ముక్క మంచిగ పడితే చాలు, కడమది సదివేటోనికి ఇడిసిపెట్టుమని. గట్లనే ఇడిసిపెట్టిన.”

“విస్తీర్ణం?”

“రాయలే.”

“వానల లెక్క?”

“రాయలే.”

“ఇన్ని దినాల సంది చెప్తే ఇనలే. ఇననీకి నీకు ఆ పేపరే దొరికిందా? మరి పైపు?”

“పైపు గూడ రాయలే. ఎవడు అడుగుతడు అన్నవు కదా.”

“అయ్యో. రాయాల్సుండె.”

“ఏంది? బోనాల సంది నా పానం తీసి, ఇప్పుడు రాయాల్సుండె అంటవా?”

“కథ వేరు, పరీక్ష వేరు. ఎస్సేల ఒకటి రెండు లెక్కలుంటే బరువుంటది. నేనైతే...”

“నువ్వైతే ఏంది?”

“ఏం లేదు. చాయ్ తాగు, సల్లారుతుంది.”

“నర్మదా, నవ్వులాట కాదు. జర నిజం చెప్పు. సారుకు అనుమానం వస్తదా?”

“ఒక్క పేపర్ల చూస్తే వస్తుండె.”

“అంటే?”

“మొగిలయ్యన్న ఏమన్నడు ఇందాక?”

“ఏ బస్సు అన్నడు.”

“అది గాదు, తర్వాత. సరే, ఇడువు. అది మూడు ఇంచులే కదా? నాలుగు గాదు కదా?”

“ఏది?”

“పైపు.”

“మూడే. ఎందుకు?”

“హమ్మయ్య. నేను గూడ మూడే రాసిన.”