నాలుగు మాలలు, నలభై ప్రార్థనలు

1948 జులై ఒకటవ తేదీన పానగల్ నుంచి కాలినడకన వచ్చి మన మిషన్ దవాఖానలో సహాయకుడిగా చేరిన శ్రీ బాలస్వామిగారు, ముప్పై నాలుగేళ్ల సేవ అనంతరం ప్రధాన కాంపౌండరుగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వ్యవసాయ కుటుంబంలో పుట్టి, తండ్రిగారి వద్ద శివపంచాక్షరి ఉపదేశం పొందిన పిల్లవాడికి కిరస్తానీ దవాఖానలో కొలువేమిటని బంధువులంతా ముక్కున వేలేసుకున్నారు. ఆయన దృష్టి మాత్రం సూక్ష్మదర్శిని మీద ఉండేది.

చేరిన వారంలోనే అందులోకి తొంగిచూసి, ఈ కదిలే క్రిములకు జీవాత్మ ఉంటుందా, ఉంటే వాటిని మరిగించి చంపిన పాపం తనదా డాక్టరమ్మదా అని అడిగారట. శాస్త్రం తప్ప మరో దైవాన్ని ఎరగని డాక్టర్ నిర్మలమ్మగారు జవాబు దాటవేసి, శస్త్రచికిత్స పరికరాలు ఇరవై నిమిషాలు మరగాలని, తగ్గితే రోగి ప్రాణానికే ముప్పని చెప్పారు. ఊరికే నిలబడలేని బాలస్వామిగారు గిన్నె పక్కనే జపం మొదలుపెట్టారు. గోడ గడియారంతో సరిచూస్తే సరిగ్గా నాలుగు మాలలు. అదే గదిలో నర్సు అమృతమ్మగారు చదివే, ఏసు నేర్పిన పరలోక ప్రార్థనైతే నలభై సార్లు. ఈ వింతకు ఇద్దరూ తెగ మురిసిపోయారు.

ఆ సెప్టెంబరులో, పోలీసు చర్య మొదలైన రోజుల్లో, సోదా పేరిట వచ్చిన సాయుధులెవరో గోడ గడియారాన్నీ డాక్టరమ్మగారి చేతి గడియారాన్నీ పట్టుకుపోయారు. మర్నాడు ఉదయమే కేతేపల్లి నుంచి నర్సింగమ్మ అనే కూలి మనిషిని, తొడలో తూటాతో, ఎడ్లబండిలో తెచ్చారు. డాక్టరమ్మగారు గాయాన్ని గుడ్డతో అదిమిపట్టి, వేరే దారిలేక, పరికరాలు మరిగే సమయాన్ని జపంతోనూ ప్రార్థనతోనూ లెక్కించడానికి ఒప్పుకున్నారు.

బయట తుపాకులు పేలుతున్నాయి. బాలస్వామిగారు నాలుగు మాలలు ముగించి పట్టకారు అందుకోగానే, అమృతమ్మగారు చేయి అడ్డుపెట్టారు. ఆమె లెక్క ఇరవై ఆరు దగ్గరే ఉంది. తొందరపడితే గాయానికి చీము పడుతుంది. ఆగితే నెత్తురు పోతూనే ఉంటుంది. తండ్రి ఇచ్చిన మంత్రం తప్పిందని ఎలా ఒప్పుకోవడం? అప్పుడు చూసుకుంటే చేతిలోని రుద్రాక్షలు చెమటతో తడిసి ఉన్నాయి.

“తప్పు నాదేనమ్మా. భయానికి నా నోరు ఉరికింది” అన్నారు.

“ఎవరిది ఆలస్యమైతే వాళ్ల లెక్కే ఖాయం” అని తేల్చేశారు నిర్మలమ్మగారు. అమృతమ్మగారి నలభయ్యో ప్రార్థన పూర్తయ్యాకే పరికరాలు బయటికి వచ్చాయి. నెల తిరక్కుండా నర్సింగమ్మ తన కాళ్ల మీద తాను ఇంటికి వెళ్లింది.

తర్వాత కొత్త గడియారం వచ్చింది గానీ ఆ జంట లెక్క మానలేదు. పందొమ్మిది వందల యాభై ఆరులో మహబూబ్‌నగర్ పల్లెల్లో కలరా శిబిరాలకు వెళ్లినా, అరవై ఏడులో ప్రధాన కాంపౌండరైనా బాలస్వామిగారి మాల జేబులోనే ఉండేది. కొత్తగా చేరినవారు ఇదేం చాదస్తమని నవ్వితే ఆయన చెప్పేది ఒకటే: “మంత్రం ఎన్నడు ఉరకది, మనిషే ఉరుకుతడు. గడియారానికి భయం తెల్వది. గందుకే రెండూ దగ్గర పెట్టుకోవాలె.” క్రిముల పాపం ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ జవాబు దొరకలేదట, విశ్రాంత జీవితంలో దాని అంతు చూస్తానంటున్నారు.

మన దవాఖాన పత్రిక ఈ సంచికకు రెండు మాటలు పంపమని కోరగా, మోత్కూర్‌లో విశ్రాంతి తీసుకుంటున్న అమృతమ్మగారు ఒక్క చీటీ పంపారు: “అన్నా, జర నిమ్మళంగ లెక్కపెట్టు. నాది ఇంక చానా ఉన్నది.”

ఎవరిది ఆలస్యమైతే వారి లెక్కే ఖాయమన్నది మన దవాఖాన నియమం కనుక, శ్రీ బాలస్వామిగారు ఆయురారోగ్యాలతో, ఒక్క పూసైనా తొందరపడి జరపకుండా, నిండు నూరేళ్ల మాలను ఆలస్యంగా, మిక్కిలి ఆలస్యంగా ముగించాలని మా అందరి ఆకాంక్ష.