మూడు గంటల రీడింగు

మా బాబాయి అబద్ధాలు చెప్పడు. జరిగినదానికి కాస్త కరెంటు ఎక్కువ పెడతాడు, అంతే. ముప్పై ఒక్క ఏళ్లు రేడియో వాళ్ల ట్రాన్స్‌మిటర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. రిటైరై ఆరేళ్లయినా, ఇప్పటికీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో టెస్టరూ నీలం పెన్నూ పెట్టుకుని, టవర్ గేటుకి ఎదురుగా ఉన్న టీకొట్టుకి డ్యూటీకి వచ్చినట్టే వస్తాడు. ఆయన నాకే కాదు, ఆ వీధిలో అందరికీ బాబాయే. కొట్టు నడిపే ఆవిడ అందరికీ అక్క. బెంచీ మీద నేనూ, బస్సు కండక్టరూ రోజూ ఉండేవాళ్లమే. ఆ రోజు మాత్రం మాతోపాటు కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మ కూడా కూర్చుంది, ఒళ్లో సంచీతో.

ఆవిడ ఊరికే రాలేదు. మర్నాడు పగలు పన్నెండింటికి ఆ పాత ట్రాన్స్‌మిటర్‌ని శాశ్వతంగా ఆపేస్తున్నారు. ఆఖరి మీట పాతవాళ్లలో ఎవరో ఒకరి చేత నొక్కించాలని పైనుంచి చెప్పారట. బాబాయి పేరొకటి, జనరేటర్ చూసుకున్న పెద్దాయన పేరొకటి ఉన్నాయి. ఎవరన్నది ఇంజినీరమ్మ తేల్చాలి. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ బాబాయికి అన్నం సహించడం లేదని పిన్ని చెప్పింది. తను నడిపిన మిషన్ని ఇంకొకడు ఆపితే చూడలేనన్నాడట.

మీరు అక్కడ ఏం చేసేవారండీ అని ఇంజినీరమ్మ అడిగింది. అడక్కపోయినా చెప్పేవాడే.

“నేను చేసిందేముందమ్మా, దుమ్ము దులిపాను. లోపల వాల్వులు బిందెలంత ఉంటాయని మీకు తెలియంది కాదు, అవి వేడెక్కకుండా పెద్ద ఫ్యాను గాలి కొడుతుంది, ఆ గాలి వచ్చే దారిలో జల్లెడ ఉంటుంది, దాన్ని వారానికోసారి తీసి దులిపితే చాలు. నేను రోజూ దులిపేవాణ్ణి. నేను దులుపుతుంటే మబ్బు పట్టిందనుకుని పక్క వీధిలో ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకునేవాళ్లు.”

“మా ఇంట్లోనూ తెచ్చారు,” అన్నాడు కండక్టరు టీ ఊదుకుంటూ.

“వీడు సాక్షి. సరే, అసలు సంగతి పదో తరగతి ఫలితాల రోజుది, ఇరవై ఏడేళ్లయింది. ఇప్పుడంటే ఫోనులో చూసుకుంటున్నారు గానీ అప్పుడు పాసైన నంబర్లు రేడియోలో చదివేవాళ్లు, రెండింటి నుంచి ఐదింటి దాకా. డ్యూటీలో నేనొక్కణ్ణే. మూడవడానికి పది నిమిషాలుందనగా టప్పుమంది, మిషన్ ఆగిపోయింది. ఎందుకాగిందో తెలుసా? బల్లి. ఇంత బల్లి, పైనుంచి సరిగ్గా రెండు పలకల మధ్య పడింది. మెయిన్ ఆపి, తలుపు తీసి, ఎర్తు తగిలించి, ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టాలని రూలు. దానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఇరవై నిమిషాలంటే నాలుగొందల నంబర్లమ్మా, నాలుగొందల మంది తల్లులు రేడియో ముందు. ఆగుతానా? మెయిన్ ఆపకుండానే చెయ్యి పెట్టి బల్లిని లాగేశాను.”

“అది రూలుకి విరుద్ధం,” అంది ఇంజినీరమ్మ.

“విరుద్ధమేనమ్మా, బల్లి కూడా అదే అంది. నేను వినలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బల్లి పోతూ పోతూ టవర్‌కి వెళ్లే తీగని తెంపుకుపోయింది. ఒక కొస ఇక్కడ, ఒక కొస అక్కడ. చూశాను. అతికేంత టైము లేదు. ఈ కొస ఎడం చేత్తో, ఆ కొస కుడిచేత్తో పట్టుకుని మధ్యలో నేను నిలబడ్డాను. పదివేల వాట్లు. ఇంకొకడైతే బొగ్గయ్యేవాడు, నాకు రబ్బరు చెప్పులున్నాయి. నంబర్లన్నీ నా ఒంట్లోంచే వెళ్లాయి. అక్కడ చదివేవాడికి దగ్గొస్తే నాకిక్కడ పొలమారేది. ఫస్టు క్లాసుకి కుడిభుజం ఎగిరేది, మామూలు పాసుకి ఎడమది.”

మరి ఫెయిలైనవాళ్లకి ఏది ఎగిరేదని నేనడిగాను.

“వాళ్ల నంబర్లు చదవరు కదరా, అప్పుడు ఊపిరి తీసుకునేవాణ్ణి. అదలా ఉంచు, నాలుగింటికి ఈదురుగాలి మొదలైంది. టవర్ని పట్టి ఉంచే ఉక్కు మోకు ఒకటి ఊడింది, మూడొందల అడుగుల టవరు ఒరుగుతోంది. చేతులు ఖాళీ లేవు. మరేం చెయ్యను, మోకుని కాలితో లాగి నడుముకి చుట్టుకున్నాను. టవరు నావైపుకి, నేను టవరువైపుకి, గంటసేపు అదే లాగుడు. నా బిగువుకి తీగ బిగుసుకుని మన స్టేషను ఎంత దూరం వినబడిందంటే, సముద్రం అవతల ఎవడో రేడియో పెడితే మన నంబర్లు వచ్చాయట. వాడి కూతురు పరీక్షే రాయలేదు, పాసయింది.”

కండక్టరుకి టీ ముక్కులోకి పోయింది. అక్క ఎప్పుడూ ఈ పాటికి ఏదో ఒకటి అంటుంది. ఆ రోజు మాత్రం కడిగిన గ్లాసులనే మళ్లీ కడుగుతోంది. బాబాయి కళ్లు ఇంజినీరమ్మ మీదే ఉన్నాయి గనుక అది గమనించలేదు.

“ఇంటికి వెళ్లానా, ఒంట్లోంచి ఇంకా కరెంటు దిగలేదు. మంచినీళ్లివ్వమని నోరు తెరిస్తే వాతావరణ సూచన వచ్చింది. మీ పిన్ని నా చెవి మెలిపెట్టింది, అదేం కొత్త కాదనుకో, కానీ ఆ రోజు స్టేషను మారింది. మూడు రోజులు మా ఇంట్లో రేడియో పెట్టలేదు, నన్నే కుర్చీలో కూర్చోబెట్టి విన్నారు. నా మాట మీద నమ్మకం లేకపోతే లాగ్‌బుక్కు చూడండమ్మా. గంటగంటకీ మీటర్లు చూసి అందులో రాయాలి కదా. ఆ రోజు కూడా ఒక్క గంట తప్పకుండా రాశాను.”

“రెండు చేతుల్లోనూ తీగలున్నాయి కదా బాబాయ్,” అన్నాడు కండక్టరు.

“పెన్ను నోట్లో పెట్టుకుని రాశాను.”

ఇంజినీరమ్మ సంచీలోంచి అట్ట ఊడిన పాత రిజిస్టరు తీసింది. ఏరి తెచ్చుకున్నట్టుంది, పేజీల మధ్య కాగితం ముక్క కూడా పెట్టుంది. రెండు గంటలకి పవరు పూర్తిగా ఉంది, మూడుకీ, నాలుగుకీ, ఐదుకీ పూర్తిగానే ఉంది, మిషన్ ఆగినట్టు ఎక్కడా రాయలేదు అని నిదానంగా చదివింది. బాబాయి మా అందరివైపూ ఒకసారి చూశాడు. ఆఖరి మీట అప్పటికే చేతికి అందినట్టుంది ఆయన మొహం.

అప్పుడు అక్క స్టవ్వు ఆపింది.

“ఆ రోజు నాది పదో తరగతే బాబాయ్,” అంది. “మూడు దాటాక నా నంబరు రావాలి. మూడవకముందే రేడియో మూగబోయింది. నాన్న బ్యాటరీలు మార్చాడు, రేడియో నెత్తిన రెండు మొట్టాడు, ఊహూఁ. మళ్లీ పలికేసరికి నాలుగున్నర దాటింది, మా నంబర్లు అయిపోయాయి. చదవలేదంటే ఫెయిలైనట్టేనంది అమ్మ. బియ్యం బస్తాల వెనకాల దాక్కుని ఏడ్చాను. మర్నాడు పేపర్లో చూస్తే పాసయ్యాను.”

కోపంగా ఏమీ అనలేదు. ఎవరికో టీ లెక్క చెప్పినంత మామూలుగా చెప్పింది. బాబాయి గ్లాసు కింద పెట్టాడు. కోతలు కోసేటప్పుడు ఆయన గొంతు వీధి చివరిదాకా వినబడుతుంది. ఈసారి మేం ముందుకి వంగి వినాల్సి వచ్చింది.

అంకెలు రోజూ అవే కదా అని, రెండింటికే ఐదింటిదాకా రాసేసి భోజనానికి వెళ్లాడట. ఒంటరి డ్యూటీలో అందరూ అలాగే రాసేవారట. తిని కాస్త నడుం వాల్చాడు. వచ్చి చూస్తే నాలుగున్నర, మిషన్ చల్లగా ఉంది. చచ్చిన బల్లిని, మెయిన్ ఆపి, తలుపు తీసి, రూలు ప్రకారమే చీపురుపుల్లతో తీశాడు. స్టూడియో వాళ్లు వచ్చి అడిగితే పుస్తకం చూపించాడు. వాళ్లు స్టూడియోకీ ట్రాన్స్‌మిటర్‌కీ మధ్య లైను తేడా అని రాసుకుని వెళ్లిపోయారు.

“అందులో నువ్వున్నావని తెలీదమ్మాయ్,” అన్నాడు.

“నేనొక్కదాన్నేనా బాబాయ్.”

ఆయనకి కళ్లనీళ్లు తిరిగాయి. సిగ్గుగా ఉందన్నాడు. ఆ రోజు నుంచి ఒక్క రీడింగు కూడా ముందుగా రాయలేదనీ, ఈ మాట ఎవరూ నమ్మరని కూడా తెలుసనీ అన్నాడు. ఆయన చెప్పినవాటిలో నేను వెంటనే నమ్మింది అదొక్కటే. మీట పెద్దాయన చేతే నొక్కించండమ్మా అని లేచి నిలబడ్డాడు.

ఇంజినీరమ్మ కాదనలేదు. మీట పెద్దాయనే నొక్కుతారంది. రిజిస్టరు సంచీలో పెట్టుకుంటూ, “మీరు పన్నెండుకి పావుగంట ముందు రండి. ఆఖరి రీడింగు మీరే రాయాలి. మీటరు చూసి,” అంది.

బాబాయి టవరువైపు చూశాడు. తర్వాత, అలవాటో ఏమో, చెయ్యి జేబు దగ్గరికి పోయింది, నీలం పెన్ను తీసి మూత తిప్పుతున్నాడు. అక్క తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని ఆయన ముందుకి చాపింది.

“ఆ పెన్ను ఇటివ్వు బాబాయ్. రేపు మీటరు ముందుకి నేనే తెచ్చిస్తాను.”

ఇచ్చేశాడు.