ఆఖరి ఏడాది మోడల్

విజయనగరంలో బట్టల కొట్టు షావుకారు కొత్త లగ్జరీ కారు కొన్నాడు. ఇరవయ్యేళ్లుగా ఆయన దగ్గరున్న డ్రైవరు దాని చుట్టూ తిరిగి చూస్తున్నాడు.

“ఈ మోడల్ ఇంక ఆపేస్తన్నారట కదా బాబూ?”

“అవున్రా పైడిరాజూ, ఇదే ఆఖరి ఏడాది. అందుకే ఇంజిను పెద్దది పెట్టారు. లోపలంతా అసలైన టేకు చెక్క.”

“సూశాను బాబూ. స్టార్ట్ సేస్తే సప్పుడే లేదు, ఏం బండండీ! మరి క్లచ్ ఏదీ?”

“ఉండదు. ఈ ఏడాది అన్నీ ఆటోమేటిక్ గేర్లే.”

“అయితే ఇకమీదట మీరే నడుపుకుంటారేటి?”

“నాకెక్కడొచ్చురా! నెల్లిమర్ల రోడ్డులో పాత బండి క్లచ్ తొక్కినప్పుడల్లా ఎడం మోకాలు పట్టుకుంటన్నావు. ఎనక సీట్లోంచి సూస్తన్నాను కాదా?”

పైడిరాజు వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

“ఎక్కండి బాబూ. శృంగవరపుకోట దాకా ఎల్లొద్దాం.”