మెట్ల కుర్చీ

మెట్ల వెంట పట్టా మీద నడిచే కుర్చీని బాగుచేయడానికి, పట్టా పైకొసన మూత విప్పి కూర్చున్నాడు మెకానిక్. ఇంటి పెద్దావిడ కింద నిలబడి చూస్తోంది.

"ఆగాల్సిన చోటే ఆగుతోంది కదమ్మా?"

"ఆగుతుంది బాబూ, మొండెద్దులా. చివర్లో ఒక్క కుదుపు. చేతిలో కప్పుంటే సగం టీ ఒళ్లోనే. మోకాళ్లు అరిగాక నాకిదే దిక్కాయె."

"ఆపే సెన్సర్ బాగానే ఉంది. దానికంటే ముందు, నెమ్మదించమని చెప్పే సెన్సర్ ఇంకోటుంది. దాన్ని ఆగే చోటికి మరీ దగ్గరగా బిగించారు. జానెడు కిందికి జరుపుతాను. టీ ఎవరికి?"

"పై గదిలో మా ఆయనకి. మంచం దిగలేరు. ఇప్పుడు కోడలే పెట్టి పట్టుకెళ్తుంది. ఆ పిల్ల టీకి వంక పెట్టరు, మొహమాటం. నాదైతే సణక్కుండా తాగిన రోజు లేదు. ఆ సణుగుడు విని ఎంత కాలమైందో."

"అయిపోయింది. కప్పు నిండా పోసుకుని ఎక్కండి."

కుర్చీ పైదాకా వచ్చి, నెమ్మదించి, ఆగింది. సాసర్లో చుక్క పడలేదు. ఆవిడ గదిలోకి వెళ్లి, కాసేపటికి కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమైందమ్మా?"

"చక్కెర తక్కువైందట నాయనా. నువ్వు చల్లగా ఉండాలి."